చుక్కలను చీల్చు చీకటి

గడచిన వైశాఖమాసములో నొక రాత్రి కరెంటు పోయి, ఇంటిలో ఉక్క భరింపరాక, మేమందరము మిద్దెపై పడకలు వేసికొంటిమి. ఓరుగల్లు ఎండల నెరిగిన సోదరీమణులకు ఆ రాత్రుల సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఊరి దీపములన్నియు నొక్కమారుగ ఆరిపోవుటచే, సాధారణముగ కానరాని చుక్కలు కూడ ఆకసమున పిండి చల్లినట్లు కానవచ్చినవి. మా పదియేండ్ల పిల్ల మా ప్రక్కన వెల్లకిల పండుకొని చాలసేపు మాటలాడక, తుద కొక ప్రశ్న వేసినది.

"అమ్మా, నల్లని గొయ్యి యొకటి చుక్కను నూలుపోగువలె లాగి మ్రింగివేసినది. ఫోనులో చూచితిని. అది మన సూర్యుని కూడ మ్రింగునా?"

మేము నిద్రమత్తులో నుంటిమి. ఎన్నడో చదివిన జ్ఞాపకముతో, "దాని పేరు కృష్ణబిలము. అది చుట్టునున్న వాని నన్నిటిని పీల్చుకొనును. అయిన నది మనకు చాల దూరము. పండుకొనుము" అని చెప్పి అటు తిరిగితిమి. ఆ మాటలే చెరుపు చేసినవి. పిల్ల ఆ రాత్రి మా కొంగు విడువలేదు. మరునాడు కరెంటు పోయినను మిద్దె యెక్కనన్నది. మూడవనాడు, "అది పీల్చుచునే యుండిన, దూరముగ నున్నవి కూడ నొకనాటికి దగ్గరకు రావా?" అని యడిగినది. మేము చెప్పిన మాట నిజమే యయినచో పిల్ల భయము కూడ న్యాయమే. మాకు సమాధానము తోచలేదు.

మావారు బడిపంతులు. వారిచే పుస్తకములు తెప్పించుకొని, వంట ముగిసి ఇల్లు సద్దుమణిగిన వేళలలో కొన్ని మాసములు చదివితిమి. మాకు వచ్చిన చదువు తండ్రిగారి యొద్ద ఇంటిలో నేర్చిన భారత భాగవతములును, కొంత అమరమును మాత్రమే. ఈ శాస్త్రము మాకు క్రొత్త. అయినను మాకు తెలిసినంత వరకు, మావంటి తల్లుల కుపకరించునని ఇచట వ్రాయుచున్నాము. రాత్రివేళ పిల్లలు వేయు ప్రశ్నలకు మొదట జవాబు చెప్పవలసినవారము మనమే గదా!

కృష్ణబిలమన నేమి?

పేరు బిలమే గాని యది గొయ్యి కాదు. మిక్కిలి పెద్ద బరువు మిక్కిలి చిన్న చోటిలోనికి కుదించుకొనిపోయిన స్థలము. పద్మాక్షిగుట్టపై నిలిచి రాయిని పైకి విసరినచో నది మరల క్రిందికి వచ్చును. ఎంత గట్టిగ విసరిన నంత యెత్తు పోవును. గాలి యడ్డము లేదనుకొని, సెకండునకు 11 కిలోమీటర్లకు మించిన వేగముతో విసరగలిగిన, ఆ రాయి భూమిని విడిచి వెడలిపోవును. ఇక భూమి బరువును రవ్వంతయు పోనీయక గోలీకాయ యంతటి ప్రమాణమునకు కుదింపగలిగితి మనుకొందము. అప్పుడు దానిని విడిచిపోవుటకు వెలుగు వేగము కూడ చాలదు. వెలుగు సెకండునకు మూడు లక్షల కిలోమీటర్లు పరుగెత్తును. అంతకు మించిన వేగము ప్రకృతిలో లేదు. కావున అట్టి చోటినుండి ఏదియు వెలికి రాజాలదు. వెలుగే రానిది మన కంటికి నలుపు. మన సూర్యుని ఇట్లు చేయవలెనన్న, హనుమకొండ నుండి కాజీపేట వరకు గల దూరములో ఇమిడిపోవునట్లు కుదింపవలెను.

ఇట్టివి రెండు తెగలుగ నున్నవి. మహా నక్షత్రములు కాలము తీరి కూలినప్పుడు పుట్టునవి చిన్నవి. రెండవ తెగవి నక్షత్రమండలముల నడిబొడ్డున నుండునవి. వీని బరువు లక్షల సూర్యుల నుండి వందల కోట్ల సూర్యుల వరకు నుండును. మనము చెప్పుకొనబోవునది ఈ రెండవ తెగను గూర్చి.

మేము చెప్పిన తప్పు

కృష్ణబిలము అన్నిటిని పీల్చుకొనునని మేము పిల్లతో నంటిమి. అది శుద్ధ తప్పు. దూరమునుండి చూచిన, కృష్ణబిలపు ఆకర్షణ అంతే బరువుగల మరియే వస్తువు ఆకర్షణకును భిన్నము కాదు. మన సూర్యుని తొలగించి, సరిగా అంతే బరువుగల కృష్ణబిలమును ఆ స్థానమున నుంచిరనుకొనుడు. పగలుండదు, వేడిమి యుండదు, నీరు గడ్డకట్టును. కాని భూమి దానిలో పడిపోదు. ఇప్పటివలెనే యేడాది కొకమారు దానిని చుట్టి వచ్చుచుండును.

దీనికి సాక్ష్యము మన పాలపుంతలోనే కలదు. మూలానక్షత్రము మన మెరిగినదే. మూలలో పుట్టిన ఆడపిల్ల యనగానే వచ్చిన సంబంధములు వెనుకకు పోవుటయు నెరిగినదే. దక్షిణపు దిక్కున తేలుకొండివలె వంగియున్న ఆ చుక్కలకు కొంచెము ఎడమగా, పైగా చూచిన చోట మన పాలపుంత కేంద్రమున్నది. అచట సుమారు 40 లక్షల సూర్యుల బరువుగల కృష్ణబిలమొకటి యున్నది. మనకు దానికి 26 వేల కాంతి సంవత్సరములకు పైగా దూరము. అనగా నేడు బయలుదేరిన వెలుగు మన యొద్దకు 26 వేల ఏండ్లకు గాని రాదు.

అమెరికాలో ఆండ్రియా గెజ్ అను విదుషీమణియు, జర్మనీలో రైన్‌హార్డ్ గెంజెల్ అను పండితుడును తమ తమ బృందములతో అనేక సంవత్సరములు ఆ చోటినే చూచి, అందలి చుక్కల నడకలను లెక్కకట్టిరి. ఎస్2 అను చుక్క యొకటి 16 సంవత్సరముల కొకమారు ఆ చీకటిని చుట్టివచ్చుచున్నది. 2018 మే నెలలో దానికి మిక్కిలి సమీపముగ, సుమారు 1,800 కోట్ల కిలోమీటర్ల దూరమున, సెకండునకు 7 వేల కిలోమీటర్లకు మించిన వేగముతో దాటిపోయినది. పడిపోలేదు, చీలిపోలేదు, తన దారిని తాను పోయినది. ఈ పరిశోధనకు వారిరువురికి 2020లో నోబెల్ బహుమానము లభించినది. భౌతికశాస్త్రమున ఆ బహుమాన మందిన స్త్రీలలో గెజ్ నాలుగవవారు.

మన సూర్యుడును ఇట్లే 23 కోట్ల సంవత్సరముల కొకమారు పాలపుంత నడుమ చుట్టును తిరుగుచున్నాడు. చుట్టువాడు పడువాడు కాడు. ఈ సంగతి ముందే తెలిసియుండిన మా పిల్ల అన్ని రాత్రులు భయపడెడిది కాదు.

చుక్క యేల చీలును?

అయినచో పిల్ల ఫోనులో చూచినది కల్లయా? కాదు. చుక్కలు చీలుట నిజమే. కాని యది పీల్చుట వలన కాదు, ఆటుపోటు వలన.

మన ఓరుగల్లునకు సముద్రము లేదు. మచిలీపట్నమో, విశాఖపట్నమో పోయినవారు ఆటుపోట్లను చూచియుందురు. చంద్రుడు తనకు దగ్గరగ నున్న నీటిని ఎక్కువగను, భూమికి ఆవలి వైపున నున్న నీటిని తక్కువగను లాగును. ఈ హెచ్చుతగ్గుల వలన సముద్రము రెండువైపుల ఉబ్బును. చంద్రుడు చిన్నవాడు, దూరపువాడు. కనుక నీరు కొంచెము లేచి పడుటతో సరిపోవుచున్నది. లాగువాడు 40 లక్షల సూర్యుల బరువువాడై, లాగబడునది అతిసమీపమునకు పోయినచో ఈ హెచ్చుతగ్గు భయంకరమగును. చుక్క ముందువైపును లాగు బలమునకును, వెనుకవైపును లాగు బలమునకును గల భేదము ఎంతయగుననగా, చుక్క తన్ను తాను పట్టి నిలుపుకొను శక్తిని మించిపోవును. అప్పుడు చుక్క చీలును.

దీనికొక హద్దు కలదు. మన పాలపుంత నడుమ నున్న కృష్ణబిలము విషయమున, సూర్యునివంటి చుక్కకు ఆ హద్దు సుమారు 11 కోట్ల కిలోమీటర్లు. మనకు సూర్యునకు గల దూరము 15 కోట్ల కిలోమీటర్లు గనుక, ఈ హద్దు అంతకంటె తక్కువ. దాని కావల నున్న చుక్కకు చీలిపోవు భయము లేదు. హద్దు దాటి లోనికి పోయిన చుక్క కొన్ని గంటలలో చీలును. ఏ యిరుగుపొరుగు చుక్కయో తన దారిని మరల్చిన గాని ఏ చుక్కయు అంత దగ్గరకు పోదు. ఒక్కొక్క నక్షత్రమండలమున ఇట్టిది పదివేల ఏండ్లకో, లక్ష యేండ్లకో ఒకమారు జరుగునని పండితుల లెక్క. అదియు కేంద్రము చెంత గుంపుగూడిన చుక్కలకే. మన సూర్యుడు ఆ గుంపులోని వాడు కాడు.

చీలిన పిదప నేమగును? సంక్రాంతికి మనము సకినాలు చేయుదుము గదా! తడిబియ్యపు పిండిలో నువ్వులు వాము కలిపి, ఆ ముద్దను వ్రేళ్ల నడుమ ఒత్తుచు సన్నని తాడువలె సాగదీసి, పరచిన బట్టపై చుట్లు చుట్లుగ త్రిప్పుదుము. చీలిన చుక్క కూడ మొదట నిట్లే సన్నని పొడవైన తాడుగ సాగును. ఆ తాడులో రమారమి సగము, చీలిన విసురుననే శూన్యములోనికి శాశ్వతముగ ఎగిరిపోవును. తక్కిన సగము కొన్ని వారములకు తిరిగివచ్చి, కృష్ణబిలము చుట్టును సకినము చుట్లవలె చుట్టుకొని చక్రమగును. చుట్లు ఒకదానితో నొకటి ఒరసికొని, పెనగి, లక్షల డిగ్రీల వేడి యెక్కి వెలుగును. సగము పోవును, సగము నిలుచునను ఈ లెక్కను 1988లో మార్టిన్ రీస్ అను ఆంగ్ల పండితుడు వివరించెను. 1990 తరువాతి దశాబ్దమున రోశాట్ అను జర్మను ఉపగ్రహము ఇట్టి వెలుగులను మొదట పట్టి చూపినది.

ఇచట నొక విశేష మున్నది. మనము చూచు వెలుగంతయు బిలము వెలుపలిదే. బిలములోనికి పోయినది మరల కానరాదు. సూర్యుని కంటె పదికోట్ల రెట్లు మించిన బరువుగల కృష్ణబిలముల విషయమున చీల్చు హద్దు బిలము లోపలనే పడును. అట్టిది సూర్యునివంటి చుక్కను చీల్పక ముక్కగ మ్రింగును. మెరుపు లేదు, ఆనవాలు లేదు. చుక్క చీలినప్పుడు అచట చీకటి యున్న సంగతి మనకు తెలియును. ఎంతో కాలముగ నిశ్చలముగ నుండిన కృష్ణబిలములు, ఒక్క చుక్క చీలిన కారణమున, తమ బరువును తమ వేగమును మన పండితులకు చెప్పివేసినవి.

2014 నవంబరులో 29 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున ఇట్లొక చుక్క చీలిన వెలుగు కనబడినది. ఆ వెలుగులోని ఎక్స్ కిరణములు 131 సెకండ్ల కొకమారు నాడివలె హెచ్చి తగ్గుచున్నవని ధీరజ్ పాశం మున్నగు శాస్త్రజ్ఞులు 2019లో ప్రకటించిరి. ఆ నాడిని బట్టి, అచటి కృష్ణబిలము వెలుగు వేగములో సగమునకు తగ్గని వేగముతో తన చుట్టు తాను తిరుగుచున్నదని లెక్కకట్టిరి.

శ్రీహరికోట నుండి పోయిన కన్ను

ఇక మనకు దగ్గరి సంబంధము గల కథ యొకటి చెప్పెదము. పుష్య మాఘ మాసములలో రాత్రి తూర్పుదిక్కున వరుసగ నిలిచిన మూడు చుక్కలను అందరును చూచియుందురు. వానికి ఒకవైపున ఎర్రనైన ఆర్ద్ర. దాని కెదురుగ రెండవ వైపున తెల్లగ మెరయు చుక్క యొకటి కలదు. దానిని పాశ్చాత్యులు రిగెల్ అందురు. చేయి చాచి పిడికిలి పట్టిన, ఆ చుక్కకు పడమటగా పిడికిలి వెడల్పునకు లోపలనే, మన కంటికి కానరాని నక్షత్రమండల మొకటి యున్నది. మనకు దానికి సుమారు 21 కోట్ల కాంతి సంవత్సరముల దూరము.

2019 సెప్టెంబరులో ఆ మండలపు నడుమ క్రొత్త వెలుగు కనబడినది. కాలిఫోర్నియాలోని పాలొమార్ కొండపై నొక దూరదర్శిని అచటినుండి కానవచ్చు ఆకాశమును కొద్దిదినముల కొకమారు పటము తీయుచు, నిన్నటి పటముతో నేటి దానిని పోల్చుచుండెను. వీధి ఇండ్లన్నియు మనకు వాడుకయే గనుక ఒక యరుగుపై క్రొత్త దీపము పెట్టిన ఇట్టె పోల్చుకొందుము. ఇదియు నట్టిదే. ఆ వెలుగునకు ఏటీ2019క్యూఐజెడ్ అని గుర్తుపేరు పెట్టిరి. రమారమి మన సూర్యుని యంతటి చుక్క, పది లక్షల సూర్యులకు మించిన బరువుగల కృష్ణబిలము చెంతకు పోయి చీలినదనియు, దాని తునుకలు సెకండునకు పదివేల కిలోమీటర్ల వేగము వరకు వెలికి చిమ్మినవనియు 2020లో పండితులు వ్రాసిరి.

అంతటితో కథ ముగియలేదు. 2023లో చంద్ర అను ఎక్స్ కిరణ దూరదర్శినిని ఆ చోటికి త్రిప్పి చూచిరి. చీలిన చుక్క మిగిల్చిన చక్రము నుండి సుమారు 48 గంటల కొకమారు ఎక్స్ కిరణములు భగ్గున లేచుచుండెను. ఏదో మరియొక వస్తువు, బహుశః వేరొక చుక్కయో చిన్న కృష్ణబిలమో, ఆ బిలమును చుట్టుచు, చక్రము అడ్డము వచ్చినప్పుడెల్ల దానిని చీల్చుకొని పోవుచున్నదని వారి యూహ. ఈ సంగతి 2024 అక్టోబరులో ప్రకటితమయినది.

ఈ పరిశోధనలో మన దేశపు ఆస్ట్రోశాట్ ఉపగ్రహము కూడ పాల్గొన్నది. ఎక్స్ కిరణములను, అతినీలలోహిత కిరణములలో మిక్కిలి భాగమును మన గాలి అడ్డగించును. గాలి అడ్డగింపబట్టియే మనము బ్రదుకుచున్నాము. కావున వానిని చూడవలెనన్న గాలి పైకి పోవలసినదే. 2015 సెప్టెంబరు 28వ తేదీన పులికాటు సరస్సు చెంతనున్న శ్రీహరికోట నుండి ఆస్ట్రోశాట్ పైకి పోయినది. అందలి అతినీలలోహిత దూరదర్శినిని సిద్ధపరచిన వారిలో ముఖ్యులు బెంగుళూరులోని భారత ఖగోళభౌతిక సంస్థవారు. ఆ సంస్థకు మొదటి అధ్యక్షుడైన వేణు బప్పు మన హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివినవాడు. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో ఉద్యోగి. పగలు ఉద్యోగులు, రాత్రి చుక్కలు గల ఇంట పెరిగిన బాలుడు పెద్దవాడై దేశమునకు దూరదర్శినులు కట్టించెను.

ఆ చుక్క చీలినది 2019లో కాదు, మనకు తెలిసినది మాత్రమే అప్పుడు. వెలుగు అచటినుండి బయలుదేరినప్పుడు మన ప్రాణహిత గోదావరి లోయలో ఆదికాలపు రాక్షసబల్లులు తిరుగుచుండెను. వాని యెముకలు ఆ లోయ రాళ్లలో దొరకినవి. మనుష్యుడు పుట్టి, అక్షరము నేర్చి, ఉపగ్రహము కట్టువరకు ఆ వెలుగు దారిలోనే యున్నది.

అత్తగారి మాట

ఇదంతయు ఒకనాడు మా అత్తగారికి చదివి వినిపించితిమి. వారు రాహువు సూర్యుని మ్రింగు కథలు వినుచు పెరిగినవారు. గ్రహణము భూచంద్రుల నీడల వలన కలుగునని ఆర్యభటాచార్యుడు 499వ సంవత్సరమున వ్రాసిన గ్రంథములోనే చెప్పియున్నాడని మావారు వారితో నదివరకే వాదించి యుండిరి. ఇప్పుడు నిజముగ మ్రింగునది కూడ కలదని వినగానే వారికి కొంత సంతోషము కలిగినది.

"రాహువునకు తల యున్నది గాని కడుపు లేదు. అందుచేత మ్రింగినది మరల వెలికి వచ్చును. మీ నల్లనిది కూడ సగము బయట పారబోసికొన్న దనుచున్నావు. దానికిని కడుపు సరిగ లేనట్లున్నది" అని నవ్విరి. పిల్ల కూడ నవ్వినది. కృష్ణబిలము మాట యెత్తినప్పుడు మా పిల్ల నవ్వుట అదియే మొదలు.

ఆ రాత్రి మేము పిల్లను దగ్గర కూర్చుండబెట్టుకొని, "వైశాఖములో నీతో తప్పు చెప్పితిమి. అది పీల్చదు. దగ్గరకు పోయినదానిని చీల్చును. మనము దగ్గర లేము, పోము" అని చెప్పి, హద్దు లెక్కను ఆమె పలకపై వ్రాసి చూపితిమి. తల్లి తప్పు చెప్పినదని వినుట పిల్లకు వింతగ నున్నట్లు తోచినది. ఆ లెక్కను తానే మరియొకమారు వ్రాసికొని, 26 వేల కాంతి సంవత్సరములను కిలోమీటర్లలోనికి మార్చబోయి, సున్నలకు పలక చాలక, తండ్రి నడిగి కాగితము తెచ్చుకొన్నది.

మొన్న సంక్రాంతికి సకినాలు చుట్టుచుండగా పిల్ల మా చేతి నుండి పిండిముద్ద తీసికొని, తాడు తెగిపోవునంత వరకు లాగి, "అమ్మా, హద్దు దాటినది" అన్నది. నాటి రాత్రి అది తానే మమ్ము మిద్దెపైకి తీసికొనిపోయి, మూడు చుక్కలను, ఆర్ద్రను, రిగెలును చూపి, పడమటికి పిడికిలి పట్టినది. అచట మా కంటికి చీకటి తప్ప నేమియు కానరాలేదు. చలిగ నున్నది, దిగుదమని మేమంటిమి. ఇంకొంతసేపు ఉందమని యది మా కొంగు పట్టుకొన్నది. ఈమారు భయముచే కాదు.

సోదరీమణులారా! పిల్లలు నేడు మనకంటె ముందుగ ఫోనులలో అనేక వింతలు చూచుచున్నారు. అందు నిజము కొంత, భయపెట్టుట కొంత. మన మెరిగినది ఎరిగినంత వరకు చెప్పుదము. ఎరుగనిది ఎరుగమని చెప్పి, తెలిసికొని వచ్చి చెప్పుదము. నిద్రమత్తులో చెప్పిన మాట తప్పని తెలిసిననాడు ఆ మాటను దిద్దుకొందము. మేము ఆలస్యముగ దిద్దుకొంటిమి. మీ యింట నట్టి యాలస్యము కాకుండుటకే ఈ నాలుగు మాటలు.